విప్పే కొస

అండాలు ఇంట్లో బ్లేడు ఉండేది కాదు. కత్తిపీటా ఉండేది కాదు. కూరగాయలు కొనుక్కొచ్చి, ఎదురింటి ఈరమ్మ వాకిట్లో కూర్చుని తరుక్కుని, గిన్నెలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేది. ఇరవై ఆరేళ్ళుగా గట్టుపల్లిలో ఇది అందరికీ తెలిసిన సంగతే.

కారణం కొడుకు నరహరి. వాడి ఒంట్లో రక్తం గడ్డకట్టదు. చిన్న గీత పడితే రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. దెబ్బ తగలకపోయినా మోకాలి లోపల రక్తం ఊరి కాలు వాచిపోయేది. "ఇది తల్లి నుంచి కొడుక్కి వచ్చే జబ్బమ్మా" అని డాక్టరు చెప్పిన రోజు అండాలు ఏడవలేదు. ఇంటికొచ్చి, కోసే వస్తువులన్నీ ఏరి మూటకట్టి ఈరమ్మకిచ్చేసింది.

బతుకుతెరువు చిటికి పని. నూలు పోగులను ఆసు అనే చెక్క చట్రం మీద చాపి, గ్రాఫు కాగితం మీది గళ్ళ ప్రకారం, తెల్లగా మిగలాల్సిన చోటల్లా సైకిలు ట్యూబు రబ్బరు పీలికతో బిగించి కట్టాలి. రంగులో ముంచితే కట్టిన చోటికి రంగు ఎక్కదు. ఆరాక కట్లు తీసేస్తే లోపల తెల్లటి చుక్కలుంటాయి. ఆ చుక్కలే మగ్గం మీద పువ్వులూ ఏనుగులూ అవుతాయి. ఊరంతా ఆ కట్లను బ్లేడుతో కోసేస్తారు. అండాలు ఇంట్లో బ్లేడు లేదు కాబట్టి ఆమె వేళ్ళతోనే విప్పేది. అలా విప్పడానికి వీలుగా ప్రతి కట్టుకూ ఒక కొస ఉంచేది. కొస బయటికి ఉంటే దాని వెంట రంగు పాకి చుక్క చెడుతుంది గనుక, ఆ కొసను చుట్ల కిందికి మడిచి దాచేది. ఎక్కడ దాచిందో ఆమె బొటనవేలికి మాత్రమే తెలుసు. అండాలు కట్టిన నూలంటే షావుకార్లు రెండు మాటలు మాట్లాడేవారు కాదు.

కూతురు వినోద ఏడేళ్ళకే కట్టడం నేర్చుకుంది. విప్పడం నేర్చుకోలేదు. ఆ ఊళ్ళో ఆడపిల్లలు కడతారు, ఇంటి పెద్దది కట్లు తీస్తుంది. అదే పద్ధతి. విప్పేటప్పుడు పోగు తెగితే నెల రోజుల పని పాడవుతుంది. ఇంకో ఏడాదికి నేర్పుదామని అండాలు అనుకుంటూ ఉండగానే వినోద హాస్టల్లో చేరి చదువుకుంది. చదువుకుని, చదువుకుని, హైదరాబాదులో వైరసుల మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త అయింది.

నరహరి ఇంట్లోనే ఉండి డిజైన్లు గీసేవాడు. పెన్సిలు చెక్కడానికి బ్లేడు కావాలి కాబట్టి వాడికి పెన్నే ఇచ్చింది తల్లి. పెన్నుతో గీసింది చెరగదు. అందుకే వాడు ఒక్కో గడినీ చాలాసేపు చూసి, ఊపిరి బిగబట్టి నింపేవాడు.

*

ఒక ఆదివారం పొద్దున వినోద ఊరికొచ్చింది. చెప్పులైనా విప్పకుండా తల్లి పక్కన కూలబడి, ఆసు మీంచి ఒక పోగు తెంపుకుంది.

"అమ్మా, నీ కట్టు కొస ఎవ్వరికి దొరకదు గద. ఎట్ల దాస్తవో ఒకసారి చూపియ్యి."

"ఏందే, ఉద్యోగం ఇడిశిపెట్టి చిటికి కట్టనీకి ఒచ్చినవా?"

"మందు చేస్తున్ననే. తమ్మునికి."

నరహరి గ్రాఫు కాగితం మీంచి తలెత్తాడు. "మందు కాదక్కా, ముందుగల టీ చేసుకరా. ఒచ్చినప్పటిసంది ముడుల ముచ్చటే."

"నోర్ముయ్‌రా. నీ గురించే."

వినోద పోగును నేలమీద చాపి చెప్పింది. ఒంట్లో ప్రతి కణానికీ పని చెప్పడానికి ఒక చీటీ వస్తుంది. దాని పేరు ఆర్‌ఎన్‌ఏ. అది కాగితంలా ఉండదు, ఇదిగో ఈ పోగులా ఉంటుంది. రక్తం గడ్డకట్టే సరుకు తయారు చెయ్యమని నరహరి ఒంట్లో ఎవరూ సరైన చీటీ రాయడం లేదు. ఆ చీటీని తాము రాసి పంపవచ్చు. కానీ పంపిన రెండు రోజులకే కణంలోని ఎంజైము ఒకటి దాన్ని ఒక కొస నుంచి పట్టుకుని నమిలేస్తుంది.

"పని అయిపోయిన చీటీ నమిలితే మంచిదే గదనే," అంది అండాలు. "లేకపోతే ఇల్లంత చీటీలే అయితయి."

"మంచిదే. కని మనది పని కాకముందే నములుతున్నది. డెంగీ వైరస్ ఉన్నది చూడు, దాని పోగును నమలబోతే ఆ ఎంజైము సగంల ఆగిపోతది. ఆడ ముడి ఉన్నది." ఆమె పోగును ఉంగరంలా తిప్పి, తలను ఆ ఉంగరంలోంచే దూర్చింది. "నమిలేటిది గుంజినకొద్ది ఇది బిగుస్తది. ఆ ముడిని వైరస్ కాడ తీస్కొని మన చీటీకి కట్టినం. ముందు దిక్కు బందోబస్తే. కని వెనుక దిక్కు వదులున్నది. ఆ దిక్కుకెల్లి ఇంకోటి ఒచ్చి విప్పుతున్నది."

"కొస బయట ఉంచినవు గావచ్చు."

"అదే."

అండాలు రబ్బరు పీలిక తీసుకుంది. మూడు చుట్లు చుట్టి, కొసను మూడో చుట్టు కిందికి పోనిచ్చి, మీద మరో రెండు చుట్లు బిగించి చూపింది. వినోద నాలుగుసార్లు కట్టింది. నాలుగోసారి కట్టినదాన్ని అండాలు వెలుతురుకి పట్టి చూసింది. కొస ఎక్కడుందో కంటికి కనిపించలేదు.

"ఇగ ఇది దేవుడొచ్చినా ఊడదు," అంది గర్వంగా.

ఆ మాట తర్వాతి రోజుల్లో ఆమెను నిద్రలోంచి ఎన్నిసార్లు లేపి కూర్చోబెట్టిందో లెక్కలేదు.

*

పదహారు నెలలకు మందు తయారైంది. ఎలుకల్లో బాగా పనిచేసింది. అనుమతులన్నీ వచ్చాయి. తమ్ముడి పేరు తాను రాయకూడదని మందు మొదట ఎవరికివ్వాలో తేల్చే ఎంపికకు వినోద దూరంగా ఉంది. నరహరే బస్సెక్కి వెళ్ళి పేరిచ్చుకున్నాడు. రోగులను చూసే డాక్టర్ కామేశ్వరి కాగితాలు ముందు పెట్టి, "మనిషికి ఇవ్వడం ఇదే మొదలు బాబూ. మాకు తెలియనివి ఉంటాయి. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రా," అన్నది.

"ఇంట్ల బ్లేడు లేదు మేడం," అన్నాడు నరహరి. "ఇరవై ఆరేండ్లసంది ఆలోచిస్తనే ఉన్న."

మొదటి సూది వేసిన మూడు వారాలకు వాడు సంతలో ఒక పెన్సిలు, చెరిపే రబ్బరు, ఒక బ్లేడు కొన్నాడు. అరుగు మీద కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెన్సిలు చెక్కాడు. చెక్కుతూ బొటనవేలు కోసుకున్నాడు. కావాలనే కోసుకున్నాడని ఈరమ్మ ఈనాటికీ అంటుంది. ఎర్రటి బొట్టు ఒకటి ఉబికింది. అండాలు గడపలోనే కొయ్యబారిపోయింది. నరహరి వేలిని కళ్ళ ముందు పెట్టుకుని అంకెలు లెక్కపెట్టాడు. మూడు వందలు దాటకముందే బొట్టు నల్లబడి ఆగిపోయింది.

"అమ్మా, ఆగిందే!" అని వాడు అరిచిన అరుపుకి వీధంతా వచ్చింది.

"సిగ్గులేదార, వేలు కోసుకోని పండుగ జేస్తున్నవు," అని తిట్టి, ఈరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రమే కత్తిపీట తెచ్చి అండాలు ఇంట్లో పెట్టింది. "ఇగ నా వాకిట్ల నీ ఉల్లిగడ్డ పొట్టు ఊడ్వలేనక్కా. నీ ఇంట్లనే కోసుకో."

నెలకు రక్తం పరీక్ష చేశారు. గడ్డకట్టే సరుకు మామూలు మనిషికి ఉన్నంత ఉంది. ఈపాటికి కొంచెం తగ్గాలి, తగ్గలేదు. తగ్గలేదంటే మందు బలంగా పనిచేస్తున్నదని ప్రయోగశాలలో అందరూ సంతోషించారు. మిఠాయి తెప్పించుకున్నారు. ఎలుకల లెక్కల్లో నాలుగు వారాలకు మందు పలచబడింది గనుక, ముందే రాసుకున్న ప్రకారం రెండో సూది వేశారు.

మొదటి మందు పోలేదు. దాని పక్కకు రెండోది వచ్చి చేరింది. ఎలుక కాలేయంలో వెనుకవైపు నుంచి ముడి విప్పే ఎంజైము ఒకటి ఉందనీ, మనిషి కాలేయంలో అది లేదనీ అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే నరహరి ఒక పెద్ద డిజైను గీశాడు, పెన్సిలుతో. చీర నిండా కొంగల బారు, నీళ్ళు, నీళ్ళలో నీడలు. అండాలు కాగితాన్ని చూసి గళ్ళు లెక్కపెట్టుకుని, ఒకచోట వేలు పెట్టింది.

"ఈడ ఒక గడి తప్పు పడ్డది గద కొడకా. కొంగలకు దూరంగ, ఒక్కటే చుక్క."

"తెల్సమ్మా. ఉండని. గీసినట్టు కట్టు."

ఆమె కట్టింది. పంతొమ్మిది రోజులు పట్టింది.

*

నూలును రంగుకి పంపిన వారంలోనే నరహరి ఎడమకాలు వాచింది.

ఆ ఇంట్లో కాలు వాస్తే ఏం చెయ్యాలో ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. ఐసుగడ్డ తెచ్చి గుడ్డలో చుట్టి పెట్టాలి. కాలు ఎత్తున దిండు మీద పెట్టాలి. కదలకుండా మూడు రోజులు పడుకోబెట్టాలి. కదిలితే లోపల ఇంకా రక్తం కారుతుంది. పుట్టిన దగ్గర నుంచి అలాగే బతికించుకుంది అండాలు. ఇప్పుడూ అలాగే చేసింది. వాడు లేస్తానంటే కసిరింది.

"మందు మీద నమ్మకంతోని ఎగురకు. పండుకో."

నాలుగు రోజులు పడుకోబెట్టింది. నాలుగో రోజు వాడికి ఊపిరి ఆడలేదు.

వాచింది రక్తం కారి కాదు. రక్తం గడ్డకట్టి. ఒంట్లో ఉండాల్సినదానికి రెండింతల సరుకు ఊరి, పారే రక్తం కాలిలోనే ఆగిపోయింది. కదలకుండా పడుకోబెట్టినకొద్దీ గడ్డ పెరిగింది. అందులోంచి ఒక ముక్క తెగి ఊపిరితిత్తిలోకి వెళ్ళింది.

ఆసుపత్రిలో వాడికి రక్తం పలచబడే మందు ఎక్కించారు. ఇన్నేళ్ళూ రక్తం ఆగితే చాలని మొక్కిన తల్లి ఆ సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగుతున్న దాన్ని చూస్తూ బల్ల మీద కూర్చుంది. డాక్టర్ కామేశ్వరి ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"గడ్డను కరిగిస్తున్నామమ్మా. కానీ లోపల ఆ చీటీలు ఉన్నంతకాలం కొత్త గడ్డలు వస్తూనే ఉంటాయి. ఆ కణాలు వాటంతట అవి చచ్చి కొత్తవి రావాలంటే ఏడాది పడుతుంది. అంతదాకా ఇలా తూకం తప్పకుండా నడపాలి. కష్టం. అబద్ధం చెప్పను."

"ఆ చీటీలు చింపేటట్టు లేదా అమ్మా?"

డాక్టర్ తలుపువైపు చూసింది. అక్కడ వినోద నిలబడి ఉంది. మూడు రోజులుగా అదే చీర.

*

మర్నాడు అండాలు ప్రయోగశాలకు వెళ్ళింది. తమ్ముడి మొహం చూడలేక కూతురు రాత్రే ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయిందని తెలిసి, పెరుగన్నం పట్టుకుని వెళ్ళింది. గాజు తలుపుల అవతల తెల్ల కోట్ల వాళ్ళు తప్పుకుని దారిచ్చారు. వినోద కంప్యూటరు ముందు ఉంది. తెర మీద రంగురంగుల పోగొకటి తనను తాను చుట్టుకుని తిరుగుతున్నది. పక్కన ఇంకొకటి, దానిలాంటిదే.

"ఏది ఏదే ఇది?"

"ఎడమ దిక్కుది వైరస్‌ది. కుడి దిక్కుది నాది."

అండాలు రెంటినీ చాలాసేపు చూసింది. ఎడమదానికి వెనుక ఒక తోక బయటికి వేలాడుతున్నది. కుడిదానికి ఏమీ లేదు. నున్నగా, ఎటు చూసినా ఒకేలా ఉంది. ఆ పనితనం ఎవరిదో ఆమె వెంటనే గుర్తుపట్టింది.

"వైరస్ ఆ కొస బయట ఎందుకుంచుకున్నదే? దానికి దాస్కోరాదా?"

"దానికి నకలు తీస్కోవాలె గదమ్మా. నకలు తీసేది వెనుక నుంచి ఒస్తది. అది రావాల్నంటే ముడి ఊడాలె. అందుకే ముందుకెల్లి గట్టిగుంటది, వెనుకకెల్లి..." వినోద ఆగిపోయింది.

"అంటే ఎప్పటికన్న విప్పాలని దానికి ఎర్క," అంది అండాలు.

వినోద బల్ల మీద తల వాల్చింది. తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వెట్ల విప్పుతవమ్మా? కొస దాస్తవ్ గద. కండ్లకు కానరాదు గద. ఎట్ల దొరుకుతది నీకు?"

"నేను దాచిపెట్టిన కొస నాకు దొరకదా? ఆ కొస ఉన్న జాగల రబ్బరు ఇసుమంత ఎత్తుంటది. బొటనవేలు పోనిస్తే తగుల్తది. ప్రతి దానికీ అట్లనే ఉంచుత, అదే జాగల."

"నాకది చెప్పలేదు నువ్వు."

"నువ్వు కట్టుడే అడిగినవు బిడ్డా."

అండాలు పెరుగన్నం గిన్నె ఆమె ముందుకు జరిపి అంది, "నేను చెప్పాలె. కట్టు చూపినప్పుడు విప్పుడు గూడ చూపాలె. గర్వానికి పోయిన."

వినోద ముడిలో ఎక్కడైనా ఇసుమంత ఎత్తు ఉందేమోనని వెతికింది. దానికి అతుక్కుని లాగే చిన్న పోగులను వందలకొద్దీ తయారు చేసి, గాజు పళ్ళెంలో పెంచిన కాలేయ కణాల మీద వేసి చూసింది. ఏదీ పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఆ ముడిలో చోటు లేదు. కొత్త ముడికి కొస పెట్టడం తేలికే. పది రోజుల్లో పెట్టింది కూడా. కొస ఉన్న ముడి, విప్పే పోగు తగలగానే నిమిషాల్లో ఊడిపోయింది. కానీ అది పళ్ళెంలో ఉన్న ముడి. నరహరి ఒంట్లో ఉన్నది పాతది.

అది పనిచేసిన రోజే మధ్యాహ్నం వినోద ఆసుపత్రికి వచ్చింది. నరహరి మెలకువగా ఉన్నాడు.

"దొరికిందా అక్కా?"

"నీకు కాదురా. నీ తర్వాతోల్లకు."

"ఎంతమంది ఉన్నరు, నా ఎనుక పేర్లిచ్చినోల్లు?"

"పదకొండు మంది."

"అండ్ల పెన్సిలు చెక్కనోల్లు ఎంతమందో," అన్నాడు. తర్వాత, "ఆపకు," అన్నాడు. "అమ్మను ఒక్కదాన్ని విప్పనియ్యకు. ఏడు వేల చిల్లర కట్లున్నయి ఆ కొంగల చీరకు. నేనే లెక్కపెట్టిన."

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున రొట్టె తింటూ తింటూ వాడు పోయాడు. ఒక గడ్డ మళ్ళీ కదిలింది. అంతే.

*

దినాలు అయిపోయాక రంగుకి పోయిన నూలు తిరిగొచ్చింది. నీలంలో మునిగి ఆరిన ఆ చిక్కటి జడలను అండాలు వసారాలో దండెం మీద వేలాడదీసింది. రెండు రోజులు వాటి దగ్గరికి పోలేదు. మూడో రోజు చాప పరుచుకుని కూర్చుంది.

ఈరమ్మ వచ్చి గడప పక్కన కూలబడింది. అరుగు మీది గూట్లోంచి నరహరి కొన్న బ్లేడు తీసి, కాగితం విప్పి, జాగ్రత్తగా చాప మీద పెట్టింది.

"అక్కా, ఇన్ని కట్లు వేళ్ళతోని ఎన్ని దినాలు ఇప్పుతవు? ఇప్పుడు... ఇప్పుడు ఇంట్ల బ్లేడు ఉంటె ఏమైతది?"

అని తన మాట తనకే వినబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం గాదులే ఈరమ్మా," అంది అండాలు. బ్లేడును తిరిగి కాగితంలో చుట్టి గూట్లో పెన్సిళ్ళ పక్కన పెట్టింది. "నాకు దాంతోని రాదు."

అప్పుడే వినోద బస్సు దిగి వచ్చింది. ఆ రోజు ఉదయమే కొత్త మందు గురించి, మందులకు అనుమతిచ్చే పెద్దల ముందు మాట్లాడి వస్తున్నది. పాత మందు ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఆమె తమ్ముడి పేరూ, తన పేరూ రెండూ చెప్పింది. తప్పు తనదేనని రాసిచ్చింది. కొస ఉన్న ముడిని మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాలని, ఈసారి విప్పి చూపించాకే మనిషికి కట్టాలని అడిగింది. వాళ్ళు ఆలోచిస్తామన్నారు.

ఇవేవీ ఆమె తల్లికి చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి చాప మీద ఎదురుగా కూర్చుంది.

"చూపియ్యి."

అండాలు ఒక నూలు జడను ఆమె ఒడిలో పెట్టింది. కూతురి బొటనవేలు పట్టుకుని ఒక కట్టు మీద నెమ్మదిగా పోనిచ్చింది.

"కండ్లు మూసుకో. కండ్లతోని చూస్తే దొరకదు. ఆ... ఆగు. అదే. తగిలిందా?"

"లేదు."

"మల్ల పోనియ్యి. గట్టిగ వత్తకు."

మూడోసారికి వినోద వేలు ఆగింది. చెంపల మీదికి నీళ్ళు జారాయి. కళ్ళు తెరవలేదు. గోరుతో కొసను పైకి లేపింది. లాగింది. చుట్లు ఒకదాని వెంట ఒకటి ఊడి, రబ్బరు పీలిక ఆమె చేతిలోకి వచ్చేసింది. నీలం మధ్యలో తెల్లటి చుక్క బయటపడింది.

ఆ పని ఇరవై రెండు రోజులు నడిచింది. వినోద సెలవు పెట్టి ఉండిపోయింది. ఈరమ్మ వంట చేసి పంపేది. కొంగలు ఒక్కొక్కటే లేచాయి. నీళ్ళు వచ్చాయి. నీళ్ళలో నీడలు వచ్చాయి. ఆఖరి జడలో, కొంగలకు దూరంగా, ఏ బారులోనూ కలవకుండా, ఒక్కటే చుక్క తెల్లగా బయటపడింది.

వినోద కాగితంతో పోల్చి చూసింది. "అమ్మా, ఈడ ఒక గడి తప్పు పడ్డది."

"తప్పు గాదు." అండాలు ఆ పోగులను ఒడిలోకి తీసుకుని, చుక్కను బొటనవేలితో ఒకసారి తడిమింది. "వాని తాన అప్పటికి రబ్బరున్నది. చెరపొచ్చు. చెరపలే."